జూన్‌లో నల్లమలలో మొక్కలు నాటే కార్యక్రమం – సలహాలు కావాలి

పాలమూరు_పిల్లగాడు

అందరికీ నమస్తే. మేము మహబూబ్‌నగర్‌లో డిగ్రీ చదువుతున్నాం, ఇరవై మందిమి ఉంటాం. పోయిన రెండేళ్లూ జూన్ 5 పర్యావరణ దినోత్సవానికి మా కాలనీల్లోనే మొక్కలు నాటాం. సగానికి పైగా ఎండిపోయాయి. ఈసారి అమ్రాబాద్ వైపు పోయి అడవిలోనే వెయ్యి మొక్కలు నాటాలనుకుంటున్నాం. చందాలు కొంత పోగయ్యాయి. అక్కడి చెంచు ఆదివాసుల పెంటల (గూడేల) వాళ్లతో గుంతలు తవ్విస్తే వాళ్లకూ నాలుగు పైసలు వస్తాయి కదా అని ఒక ఆలోచన.

పోయిన మే నెలలో మా అవ్వ ఎండదెబ్బకు పడిపోయింది. మూడు రోజులు సెలైన్ ఎక్కించారు. అప్పటి నుంచి ఈ వాతావరణ మార్పు సంగతి నాకు పరీక్షలో రాసే ప్రశ్నలా అనిపించడం లేదు. ఏ మొక్కలు నాటాలి, ఎవరి పర్మిషన్ తీసుకోవాలి, తెలిసినవాళ్లు చెప్పండి.

అమ్రాబాద్_పంతులు

తమ్ముడూ, మీ మనసు మంచిది కాబట్టి మొహమాటం లేకుండా చెప్తున్నాను. అడవిలో మొక్కలు నాటొద్దు.

జూన్ 5 అంటే మన దగ్గర ఇంకా మృగశిర కార్తె కూడా రాదు. నేల పెనంలా కాలుతుంటుంది. మీరు నాటి బస్సెక్కిన తర్వాత ఆ మొక్కకు నీళ్లు పోసేదెవరు? పైగా అది పులుల అభయారణ్యం, సుమారు 2,600 చదరపు కిలోమీటర్లు. లోపల ఇరవై మంది గడ్డపారలతో తిరగడానికి అనుమతి అంత తేలిగ్గా రాదు. ఇంకో సంగతి, నల్లమల ఆకు రాల్చే అడవి. ఏప్రిల్‌లో చూస్తే మొత్తం చచ్చిపోయినట్టే ఉంటుంది. రెండు మంచి వానలు పడితే ఎండిన మొదళ్ల నుంచే చిగుళ్లు తన్నుకొస్తాయి. దాన్ని కాలనివ్వకుండా, తవ్వనివ్వకుండా చూస్తే చాలు, పెరగడం దానికి తెలుసు.

ఆ కాపాడే పని ఎవరికి బాగా తెలుసో వాళ్లనే మీరు గుంతలు తవ్వడానికి పిలుస్తామంటున్నారు. నాకు కొంచెం బాధనిపించింది, అందుకే ఇంత రాస్తున్నాను. నేను పెంట బడిలో తొమ్మిదేళ్లు పనిచేశాను. ఒక వేసవిలో తేనె తీయడం దగ్గరుండి చూశాను. కొండ అంచున బండకు పెద్ద పెర వేలాడుతోంది. కిందికి చూస్తే కళ్లు తిరిగే లోతు. దిగినాయనకు పైనుంచి తాడు పట్టుకున్నది ఆయన బావమరిది. అన్నదమ్ములు పట్టుకోరట, బావమరిదే పట్టుకోవాలట. తన చెల్లెలి పసుపుకుంకుమలు ఆ తాడులో ఉంటాయి కాబట్టి చేయి జారనివ్వడు. పచ్చి ఆకుల పొగ పెట్టి ఈగలను పక్కకు తోలాడు. తేనె ఉన్న భాగం వరకు కోసి, పిల్లలున్న భాగం అట్లాగే వదిలి పైకి వచ్చాడు. అది కూడా కోయొచ్చు కదా అన్నాను. "అంతా కోస్తే పైయేడు ఏం తింటం సార్" అన్నాడు.

గడ్డలు తవ్వినా అంతే. గడ్డ తీసుకుని, తీగ మొదలు మళ్లీ మట్టిలో పెట్టి కప్పుతారు. ఇరవై ఏళ్లు బడిలో పర్యావరణ పాఠం చెప్పిన నాకు ఆ సంగతి పెంటకు పోయిన తర్వాతే తెలిసింది.

పాలమూరు_పిల్లగాడు

సార్, గుంతల మాట అనాలోచితంగా అన్నాను, క్షమించండి. మరి ఏం చేయమంటారు? ఇంకోటి, ప్రపంచంలోని జీవవైవిధ్యంలో 80 శాతం ఆదివాసుల భూముల్లోనే ఉందని చదివాను. బ్యానర్ మీద అది రాయిద్దామనుకుంటున్నాం.

నల్గొండ_అక్క

ఆ 80 శాతం లెక్క రాయకు తమ్ముడూ. చాలా ఏళ్లుగా ఐక్యరాజ్యసమితి పత్రాల్లో కూడా తిరిగింది కానీ, దాని వెనుక ఏ సర్వే లేదని 2024లో ఆదివాసీ పరిశోధకులతో కలిసి కొందరు శాస్త్రవేత్తలు నేచర్ పత్రికలో రాశారు. జీవవైవిధ్యాన్ని అట్లా శాతాల్లో కొలవడమే కుదరదని వాళ్ల మాట. ఒక తప్పుడు అంకె పట్టుకుని పోతే, రేపు ఎవరో దాన్ని కొట్టేసి "ఆదివాసులు అడవిని కాపాడతారన్నదే అబద్ధం" అంటారు.

రాయాలనుకుంటే ఇది రాయి. 87 దేశాల్లో కలిపి దాదాపు 3.8 కోట్ల చదరపు కిలోమీటర్లు, అంటే భూమ్మీది నేలలో నాలుగో వంతు, ఆదివాసుల చేతిలోనో, వాళ్ల హక్కు కిందో ఉంది. 2018లో వచ్చిన లెక్క ఇది. దెబ్బతినకుండా మిగిలిన అడవుల్లో మూడో వంతుకు పైగా ఆ నేలల్లోనే ఉంది. అడవి నిలబడితే చెట్టులో, మట్టిలో ఉన్న కర్బనం గాల్లో కలిసి వేడి పెంచదు. మీ అవ్వకు తగిలిన ఎండకూ ఈ పెంటలకూ ఉన్న సంబంధం అదే.

జొన్నకంకి

నేను కల్వకుర్తి వైపు రైతును. మీరంతా అడవి గురించి మాట్లాడుతున్నారు, మంచిదే. కానీ మైదానంలో ఉన్న మా సంగతి ఏంది? మా చేన్ల బోర్లు వందల అడుగులు పోయినా దుమ్మే వస్తోంది. పత్తి వేసి రెండేళ్లు మునిగాను. పోయిన వానకాలం కందిలో జొన్న సాళ్లు కలిపి వేశాను, మా నాయన వేసినట్టే. నెలరోజులు వాన మొఖం చాటేసినా జొన్న తట్టుకుంది. పక్క చేను పత్తి తలవాల్చింది. మా ఇంట్లో మళ్లీ రొట్టెలు, గటక మొదలయ్యాయి.

జహీరాబాద్ దిక్కు పస్తాపూర్‌లో దళిత ఆడవాళ్లు సంఘాలు కట్టి చిరుధాన్యాల విత్తనాలు ఇంట్లోనే దాచుకుని చేస్తున్న వ్యవసాయానికి 2019లో ఈక్వేటర్ బహుమతి వచ్చింది. ఐక్యరాజ్యసమితి ఇచ్చేది. వాళ్లు ఆదివాసులు కాకపోవచ్చు. కానీ సంగతి ఒకటే, విత్తనం మన చేతిలో ఉంటే తిండి మన చేతిలో ఉన్నట్టు.

అడవి_గస్తీ

నేను అడవి ఉద్యోగంలో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాను. ఇక్కడ అందరూ ఒకవైపే రాస్తున్నారు కాబట్టి నా మాట కూడా వినండి. ఫిబ్రవరి నుంచి మే దాకా మాకు నిద్ర ఉండేది కాదు. ఆకు అంతా రాలి మోకాలి లోతున ఉంటుంది. బోదగడ్డి ఎండి నిలబడి ఉంటుంది. ఒక్క బీడీ ముక్క చాలు. రోడ్డు మీద పోయేవాళ్లు వంట చేసుకుని నిప్పులు వదిలేస్తారు, పశువుల కాపర్లు కొత్త గడ్డి కోసం అంటిస్తారు. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకులు కాల్చేవాళ్లూ ఉన్నారు, ఇది దాచిపెట్టి లాభం లేదు. రాత్రి రెండింటికి పచ్చికొమ్మ పట్టుకుని మంట కొట్టిన చేతులు ఇవి. ఆ కొమ్మ పట్టుకున్నవాళ్లలో సగం మంది చెంచులే, అది కూడా ఒప్పుకుంటాను. మంట ఎటు తిరుగుతుందో గాలి వాసన చూసి చెప్పేవాళ్లు.

నా అనుమానం ఒకటే. అటవీ హక్కుల చట్టం కింద హక్కులు, హక్కులు అని కాగితాలు ఇస్తే రేపు బయటివాళ్లు వాళ్ల పేర్లు చెప్పి చెట్లు కొట్టి పోడు చేసుకుంటారు. నా కళ్లముందే కొన్ని గుట్టలు బోడి అయ్యాయి.

మన్ననూరు_చెంచు

సార్ నమస్తే. నేను మన్ననూరు దగ్గరి పెంటవాణ్ణి. ఐటీఐ చదివాను. తేనె, తపసి బంక సీజన్‌లో అడవికి పోతాను, మిగతా రోజులు అచ్చంపేటలో ఎలక్ట్రికల్ పని. ఈ చర్చ ఒక ఫ్రెండ్ పంపితే చదివాను.

ఇప్పచెట్టు కింద కాల్చడం గురించి మీరన్నది నిజమే. మా తాత కాలంలోనూ కాల్చేవాళ్లు. కానీ చెట్టు చుట్టూ ముందు ఊడ్చి, పొద్దున మంచు తడి ఉన్నప్పుడు కొంచెం కొంచెంగా కాల్చి, అది ఆరిందాకా అక్కడే కూర్చునేవాళ్లు. ఇప్పుడు చాటుగా కాల్చి పారిపోవాల్సి వస్తోంది. చాటుగా పెట్టిన నిప్పే పెద్దదవుతుంది సార్.

నాలుగేళ్ల కింద పట్నం నుంచి ఒక సంస్థవాళ్లు వచ్చారు, పేరెందుకులే. మా పెంట పక్కన టేకు మొక్కలు నాటారు. ఫొటోలు దిగారు. అది మా అవ్వ గడ్డలు తవ్వుకునే జాగా. నాటే ముందు ఒక్కరు కూడా ఇక్కడ ఏముంది అని అడగలేదు. గడ్డల తీగలు పోయాయి, టేకు కూడా రెండో వేసవికి పోయింది. మా అవ్వ ఇప్పటికీ ఆ దారిన పోదు.

నల్గొండ_అక్క

అన్న చెప్పిన నిప్పు సంగతి మీద ఒక మాట. కర్ణాటకలో బిళిగిరి రంగన గుట్టల్లో సోలిగలనే ఆదివాసులు ఉన్నారు. వాళ్లు వేసవి మొదట్లోనే నేల మీది ఆకుకు చిన్న నిప్పు పెట్టేవాళ్లు. "తరగు బెంకి" అంటారు. 1974లో అభయారణ్యం చేసిన తర్వాత అది ఆపించారు. ఆ తర్వాతే లాంటానా పొదలు అడవంతా అల్లుకున్నాయని సోలిగలు చెప్తారు. లాంటానా ఎండితే మంట నేల మీద ఆగదు, చెట్ల తలల దాకా ఎక్కుతుంది. నల్లమలలోనూ ఆ పొద ఎట్లా అల్లుకుపోతోందో గస్తీ సార్‌కు నాకన్నా బాగా తెలుసు.

ఆస్ట్రేలియా ఉత్తరాన ఆర్నెమ్ లాండ్ అనే చోట అక్కడి ఆదివాసులు 2006 నుంచి ఇదే పని పద్ధతిగా చేస్తున్నారు. ఎండలు ముదరకముందే చిన్న మంటలు పెట్టి, తర్వాత వచ్చే పెద్ద మంటలకు మేత లేకుండా చేస్తారు. దానివల్ల గాల్లో కలిసే పొగ ఎంత తగ్గిందో లెక్కగట్టి వాళ్లకు డబ్బు చెల్లిస్తున్నారు. అక్కడ గడ్డి మైదానాలు, ఇక్కడ కొండలు, పులులు, కాబట్టి ఉన్నది ఉన్నట్టు తెచ్చి ఇక్కడ పెట్టమని అనను. ఎక్కడ, ఎప్పుడు, ఎంత కాల్చాలో లేక అసలు కాల్చకూడదో అటవీ సిబ్బంది, పెంట పెద్దలు ఒకచోట కూర్చుని మాట్లాడుకోవాలి.

తండా_బిడ్డ

నాది నాగార్జునసాగర్ దగ్గరి తండా. గస్తీ సార్ హక్కుల కాగితాలంటే భయపడుతున్నారు. నాకు కాగితం లేకపోతేనే భయం. ఎందుకో చెప్తాను.

2003లో లంబాపురం, పెద్దగట్టులో యురేనియం తవ్వుతామని ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. నేను అప్పుడు ఆరో తరగతి. మా యాడి (అమ్మ) నన్ను కూడా తీసుకుపోయింది. ఎండ, జనం, పోలీసు వ్యాన్లు. మైకులో ఇంగ్లీషు మాటలు కలిపి ఏదో చదువుతున్నారు, మాకు తెలుగే అంతంతమాత్రం అర్థమవుతుంది. అప్పుడు మా పక్కూరి ముసలామె ఒకామె లేచింది. నడుము వంగిపోయి చేతికర్ర మీద నిలబడింది. మా జిల్లా నీళ్లలో ఎముకలు వంచే ఫ్లోరైడ్ ఉందని ఎన్నడో కనిపెట్టారు కదా, అయినా మంచినీళ్లు రావడానికి ఎన్ని తరాలు పట్టిందో చూడండి. ఆమె ఏం మాట్లాడలేదు. కర్ర తీసి పక్కన పెట్టి, వంగిన నడుముతోనే నాలుగు అడుగులు నడిచి చూపించి కూర్చుంది. మైకు కాసేపు ఆగిపోయింది.

తవ్వుతామన్న చోటు సాగర్ జలాశయం పక్కనే. అక్కంపల్లి రిజర్వాయర్ కూడా దూరం కాదు, హైదరాబాద్ తాగే కృష్ణా నీళ్లు అక్కడి నుంచే పోతాయి. తండాలవాళ్లు, ఊళ్లవాళ్లు, పట్నంలో చదువుకున్నవాళ్లు కలిసి కొట్లాడారు. ఇప్పటిదాకా అక్కడ గని రాలేదు.

అమ్రాబాద్_పంతులు

2019 గుర్తొచ్చింది అమ్మా. ఆ మే నెలలో అమ్రాబాద్ అడవిలో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం అన్వేషణకు కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా సరేనంది. నాలుగు వేల బోర్లు వేయాలని ప్రతిపాదన. ఒక్కో బోరు దగ్గరికి లారీ పోవాలంటే దారి వేయాలి, దారి వేయాలంటే చెట్లు కొట్టాలి. పెంటల నుంచి, మండలాల నుంచి జనం రోడ్డెక్కారు. బందులు జరిగాయి. "సేవ్ నల్లమల" అని పట్నంలోనూ గొంతు కలిపారు, సినిమావాళ్లు కూడా మాట్లాడారు. సెప్టెంబర్ 16న శాసనసభ యురేనియం తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానం చేసింది.

నాకు గుర్తున్నది అంత పెద్ద సంగతి కాదు. మా బడి పిల్లవాడి తాత ఒకాయన, "వాళ్లు తవ్వుతామన్న జాగాలో మా దేవుడు లింగమయ్య ఉన్నాడు, ఆయన్ని అడిగారా?" అన్నాడు. నేనప్పుడు దానికి ఏం జవాబు చెప్పాలో తెలియక ఊరుకున్నాను.

తండా_బిడ్డ

సార్, ఆ ప్రశ్నకు జవాబు నియమగిరిలో దొరికింది. ఒడిశాలో డోంగ్రియా కోందులనే ఆదివాసులు తమ దేవుడు నియమ్ రాజా ఉన్న గుట్ట అని బాక్సైట్ గనిని అడ్డుకున్నారు. 2013లో సుప్రీంకోర్టు, గ్రామసభలే తేల్చాలి అంది. 12 గ్రామసభలు పెడితే పన్నెండూ వద్దన్నాయి. అక్కడ దేవుణ్ణి అడిగే హక్కు కూడా అటవీ హక్కుల చట్టం కిందే వచ్చింది. అందుకే కాగితం కావాలంటున్నాను. మన దగ్గర తీర్మానం ఒక సభ చేసింది, ఇంకో సభ మార్చుకోవచ్చు. గ్రామసభ హక్కు ఉంటే అట్లా కాదు.

అడవి_గస్తీ

అమ్మా, మీ మాట విన్నాక కొంచెం ఆలోచించాను. యురేనియం అప్పుడు మా సిబ్బందిలో కూడా చాలామందికి కడుపు మండింది, కానీ ఉద్యోగంలో ఉండి నోరెత్తలేం. అప్పుడు నోరెత్తింది పెంటలే. నా అనుమానం పూర్తిగా పోలేదు. కానీ బయటివాడు చెట్టు కొడితే ఆపే అధికారం గ్రామసభకు ఉంటుందా, లేక కాగితం ఉత్త కాగితమేనా? అది చెప్పండి.

నల్గొండ_అక్క

ఉంటుంది సార్. 2006 అటవీ హక్కుల చట్టంలో ఒక్కో కుటుంబం సాగు చేసే భూమికి ఇచ్చే పట్టా వేరు, సామూహిక అటవీ వనరుల హక్కు వేరు. మనవాళ్లలో చాలామందికి పోడు పట్టా ఒక్కటే తెలుసు. రెండోది ఊరు ఎప్పటి నుంచో వాడుకుంటూ, కాపాడుకుంటూ వస్తున్న అడవి మొత్తం మీద హక్కు. అందులో చెట్లు కొట్టి సాగు చేసుకునే హక్కు లేదు. అడవిని, నీటి వనరులను, జంతువులను కాపాడే అధికారం, బాధ్యత గ్రామసభకు వస్తాయి. మహారాష్ట్ర గడ్చిరోలిలో మెండా లేఖ అనే గోండు ఊరికి 2009లో వచ్చింది. వాళ్ల వెదురు వాళ్లే అమ్ముకుంటున్నారు, ఎంత కొట్టాలో వాళ్లే తేల్చుకుంటున్నారు. ఇందాక చెప్పిన సోలిగలకు 2011లో వచ్చింది, అది కూడా పులుల అభయారణ్యం లోపల.

చెంచుల్లాంటి బాగా వెనుకబడ్డ తెగలకు ఆవాస హక్కు అని ఇంకొకటి ఉంది. తిరిగే దారులు, దేవుళ్లుండే చోట్లు, తేనె బండలు, అన్నీ కలిపి. మధ్యప్రదేశ్ దిండోరి జిల్లాలో బైగాలకు మొదట ఇచ్చారు.

పులుల కోర్ ఏరియాల (అభయారణ్యం లోపలి భాగాల) నుంచి ఊళ్లను తరలించే పని వేగంగా చేయమని 2024 జూన్‌లో జాతీయ పులుల సంరక్షణ సంస్థ రాష్ట్రాలకు లేఖ రాసింది. కుటుంబానికి 15 లక్షలు ప్యాకేజీ. చట్టం ప్రకారం ముందు హక్కులు తేల్చాలి, తర్వాతే, అదీ ఇష్టపడితేనే. అందుకే ఈ హక్కులు తేల్చే పనికి ఇప్పుడు తొందర ఉంది.

మన్ననూరు_చెంచు

తరలింపు మీద మా పెంటలో ఒకే మాట లేదు అక్కా. పిల్లల చదువు, ఆస్పత్రి కోసం పోదామనేవాళ్లున్నారు. రాత్రి కాన్పు నొప్పులొస్తే మోసుకుంటూ పోయిన దారి గుర్తొస్తే వాళ్లది తప్పనలేను. మా తాత మాత్రం కదలనంటాడు. ఎవరు పోయినా ఉన్నా, మా అడవి ఇంతవరకు అని కాగితం మీద ఉండాలని మాత్రం అందరం ఒప్పుకున్నాం.

అక్క చెప్పిన సామూహిక హక్కుకు రెండేళ్లుగా దరఖాస్తు పెట్టాలనుకుంటున్నాం. ఫారం సి నింపాలి, హద్దులు గుర్తించి పటం గీయాలి. మా తాతకు ప్రతి వాగు పేరు, ప్రతి గుండం పేరు, ఏ బండకు ఎన్ని పెరలు పడతాయో కూడా తెలుసు. రాసేవాళ్లు లేరు. నాకు వైరింగ్ డయాగ్రాం గీయడం వచ్చు గానీ ఇది రాదు.

పాలమూరు_పిల్లగాడు

అన్నా, మా బ్యాచ్‌లో ఆరుగురిది జాగ్రఫీ. ఫోన్‌లో జీపీఎస్ పాయింట్లు తీసుకుని పటం తయారు చేయడం మాకు ప్రాక్టికల్స్‌లో ఉంది. మొక్కల డబ్బులు దానికే వాడదాం. మీరు రమ్మంటే వస్తాం, ఇంతవరకే అంటే ఇంతవరకే ఉంటాం. రూల్స్ ఏమున్నాయో అక్క చెప్పగలరా?

నల్గొండ_అక్క

ముఖ్యమైనవి చెప్తాను. షెడ్యూల్డ్ ప్రాంతంలో (ఆదివాసుల కోసం ప్రత్యేకంగా గుర్తించిన ప్రాంతంలో) పెంట స్థాయిలోనే గ్రామసభ పెట్టుకోవచ్చు, పెద్ద పంచాయతీ దాకా పోనక్కర్లేదు. సభకు సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి. అటవీ హక్కుల కమిటీలో 10 నుంచి 15 మంది ఉంటారు. సాక్ష్యాలు కనీసం రెండు రకాలవి కావాలి. పెద్దమనుషులు చెప్పింది రాసి పెట్టినా అది సాక్ష్యమే, కాబట్టి తాత మాటలు ముందు రికార్డు చేయండి. పక్క పెంటవాళ్లను హద్దు దగ్గరికి పిలిచి వాళ్ల ముందే నడవండి, లేకపోతే తర్వాత తగాదా అవుతుంది. ఒక హెచ్చరిక. తేనె బండలు, దేవుడి చోట్లు ఉన్న పటం ఫేస్‌బుక్‌లో పెట్టకండి. ఆ పటం పెంటది, మీది కాదు.

అడవి_గస్తీ

కోర్‌లోకి పోయే ముందు రేంజ్ ఆఫీసులో రాసిచ్చి పొండి, గ్రామసభ తీర్మానం జత చేయండి. చాటుగా పోవద్దు. ఎట్లా రాయాలో నేను చెప్తాను. పొద్దున ఏడు దాటితే ఎండలో నడక కష్టం, ఒక్కొక్కరు మూడు లీటర్ల నీళ్లు పెట్టుకోండి.

మన్ననూరు_చెంచు

సార్, మీరు కూడా రండి. మా తాత మిమ్మల్ని గుర్తుపట్టాడు. ఒక మంట రాత్రి మీరిద్దరూ ఒకే సొరకాయ బుర్రలో నీళ్లు తాగారట.

మా అవ్వతో కూడా మాట్లాడాను. మొక్కలు నాటే పిల్లలు కాదు, వాగుల పేర్లు రాసుకునే పిల్లలు వస్తున్నారని చెప్పాను. ఆ టేకు పెట్టిన జాగా కూడా పటంలో గడ్డల జాగా అనే రాయాలని అడిగింది.

పాలమూరు_పిల్లగాడు

అట్లాగే రాస్తాం అన్నా. ఈ ఆదివారం మేం ఆరుగురమే వస్తాం, ముందు తాత మాటలు రికార్డు చేద్దాం. తెల్లారి మొదటి బస్సుకు అచ్చంపేటలో దిగుతాం.

అడవి_గస్తీ

బస్టాండు దగ్గర ఉంటాను. చెప్పులు కాదు, బూట్లు వేసుకుని రండి.